ఒకే ముద్ర కింద రెండు ఉత్తరాలు

కువైట్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసులో ఉత్తరాలు తయారుచేయడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. జీతం సర్టిఫికెట్లు, లోను కోసం బ్యాంకులకు రాసే పత్రాలు, బకాయిలు గుర్తుచేసే లేఖలు, సబ్ కాంట్రాక్టర్లకు పంపే నోటీసులు, ఏవైనా సరే ఒకే కాగితం మీద ఎడమ సగం ఇంగ్లీషులోనూ కుడి సగం అరబిక్‌లోనూ ఉంటాయి. కింద ఒకే సంతకం, దాన్ని కొంచెం ఆనుకుంటూ ఒకే ముద్ర. ఇక్కడ అందరూ దాన్ని ఖతమ్ అంటారు. ఖతమ్ లేని ఉత్తరాన్ని ఏ కౌంటర్‌లోనూ చేత్తో కూడా ముట్టుకోరు.

కొన్నేళ్ల కిందట ఒక జీతం సర్టిఫికెట్ బ్యాంకు నుంచి తిరిగొచ్చింది. మా ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒక అమ్మాయి లోను కోసం తీసుకువెళ్లిన కాగితం అది. ఇంగ్లీషు వైపు పేరు, ఉద్యోగం, జీతం, చేరిన తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కౌంటర్‌లో ఉన్న వ్యక్తి ఆ వైపు అసలు చూడలేదట. కుడి సగం మాత్రం చదివి, ఇందులో రాసింది ఒక మగమనిషి గురించి, మీ గురించి కాదు అని నవ్వి, కాగితం తిరిగి ఇచ్చేశాడట. అంతకుముందు వారం ఒక ఫోర్‌మన్‌కు తయారుచేసిన సర్టిఫికెట్‌నే నేను కాపీ చేసి, పేరూ అంకెలూ మార్చి ఇచ్చాను. అరబిక్‌లో అది సరిపోదు. ‘అస్సయ్యిద్’ అన్నది ‘అస్సయ్యిదా’ కావాలి. ‘హిందీ’ జాతీయత ‘హిందియ్యా’ కావాలి. గుర్తింపు కార్డు కలిగి ఉన్నాడు, మా వద్ద పనిచేస్తున్నాడు, జీతం అందుకుంటున్నాడు అనే మూడు క్రియలూ మారాలి. అంటే చిన్న సర్టిఫికెట్‌లోనే ఐదు చోట్ల మార్పు. అందులో క్రియల మార్పు కంటికి ఎంత చిన్నదంటే, ‘యఅమలు’ అనే మాటలో మొదటి అక్షరం కింద రెండు చుక్కలు ఉంటే పనిచేస్తున్నాడని, అవే రెండు చుక్కలు పైకి ఎక్కి ‘తఅమలు’ అయితే పనిచేస్తున్నదని. అక్షరం ఆకారం అదే, చుక్కల చోటు మాత్రమే వేరు.

మన తెలుగులో రాసి ఉంటే ఈ చిక్కు వచ్చేదే కాదని ఆ రోజు అనిపించింది. ‘పనిచేస్తున్నారు’ అని మర్యాదగా ఒక్క మాట రాస్తే ఆడ మగ ఎవరికైనా సరిపోయేది. ప్రథమ పురుషలో అలాంటి గౌరవవాచకం అరబిక్ సర్టిఫికెట్ భాషలో లేదు.

బ్యాంకు మనిషి కుడి వైపే చూడడం నిర్లక్ష్యం కాదు. కువైట్‌లో 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం 29వ అధికరణం ప్రకారం ఉద్యోగ ఒప్పందం అరబిక్‌లో ఉండాలి. పక్కన మరో భాషలో అనువాదం చేర్చుకోవచ్చు గాని, వివాదం వస్తే చెల్లేది అరబిక్ పాఠమే. యజమాని ఉద్యోగులకు ఇచ్చే ఉత్తరాలకూ, సర్క్యులర్లకూ అదే వర్తిస్తుంది. సౌదీ కార్మిక చట్టంలో 9వ అధికరణం కూడా ఇదే మాట చెబుతుంది. కనుక మేనేజరు చదివి సంతకం పెట్టేది ఎడమ సగం మీద భరోసాతో, బయట విలువ ఉండేది కుడి సగానికి. నాలాంటి వాళ్లు ఇంగ్లీషులో ఉత్తరం రాసేసి, ఆ తరువాత దాన్ని ఎవరి చేతనో అరబిక్‌లోకి తిప్పించుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. అది తలకిందుల పద్ధతి అని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. టెంప్లేట్ తయారుచేసేటప్పుడు మొదట అరబిక్ వైపు స్థిరపరచుకుని, దానికి సరిపోయేలా ఇంగ్లీషు రాసుకోవాలి. ఎందుకంటే ఇంగ్లీషు వాక్యం ఎటు కావాలంటే అటు సర్దుకుంటుంది, అరబిక్ వ్యాపార లేఖ తన ఆనవాయితీని అంత సులువుగా వదలదు.

ఆ ఆనవాయితీలో మనకు బాగా పరిచయమైనవి కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషు ఉత్తరం ‘డియర్ సర్’ అని మొదలవుతుంది. దాన్ని మాటకు మాట తిప్పి ‘అజీజీ’ అని రాస్తే స్నేహితుడికి రాసినట్టు ఉంటుంది, ఒక మంత్రిత్వ శాఖ డైరెక్టరుకు రాసినట్టు ఉండదు. అక్కడ రాయవలసింది ‘అస్సయ్యిద్’ అని, తరువాత పేరు, ఆ వరుస చివర ఎడమ అంచున ‘అల్ ముహ్తరమ్’. కంపెనీకి రాస్తే ‘అస్సాదా’, చివర బహువచనంలో ‘అల్ ముహ్తరమీన్’. మన ఉత్తరాల్లో ముందు ‘శ్రీ’, వెనుక ‘గారికి’ పెట్టి పేరును మధ్యలో కూర్చోబెట్టినట్టే ఇది. పెద్ద హోదాలో ఉన్న అధికారికి ‘సఆదత్’, మంత్రికి ‘మఆలీ’ అని ముందు చేరుస్తారు. వీటిలో ఏది ఎవరికో తెలియకపోతే ఆ శాఖ నుంచి వచ్చిన పాత ఉత్తరం తీసి చూడడం మేలు.

సంబోధన తరువాత ‘తహియ్యతన్ తయ్యిబతన్ వ బఅద్’ అని ఒక వరుస వస్తుంది. మంచి నమస్కారం, ఇక ఆ తరువాత, అని దాని భావం. ఈ ‘వ బఅద్’ అన్న ముక్కను ఇంగ్లీషులోకి ఎలా తేవాలో తెలియక మొదట్లో తెగ తికమకపడేవాణ్ని. మా తాతగారి పోస్టు కార్డుల్లో ‘ఉభయ కుశలోపరి’ అని ఉండేది గుర్తుకు వచ్చాక అర్థమైంది. మనవాళ్లు కుశలం అయిన పిమ్మట అసలు సంగతికి వచ్చేవారు, వీళ్లు నమస్కారం అయిన పిమ్మట వస్తారు. దీనికి ఇంగ్లీషు వైపు ఏ మాటా పెట్టనక్కర్లేదు, ఆ గడిని ఖాళీగా వదిలేయాలి. అలాగే ముగింపులో ‘వ తఫద్దలూ బి ఖబూలి ఫాయిఖిల్ ఇహ్తిరామ్’, అంటే మా అత్యున్నత గౌరవాన్ని స్వీకరించ మనవి అని రాస్తారు. ఎదురుగా ఇంగ్లీషులో ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అని రెండు మాటలు ఉంటే చాలు. రెండూ అనువాదాలు కావు, ఒకే పని చేసే రెండు వేరు మాటలు. జతపరిచిన కాగితాల గురించి చెప్పే ‘ముర్ఫఖ్ తయ్యహు’ అన్న పదబంధం నాకు చాలా ఇష్టం. ‘తయ్య్’ అంటే మడత. ఉత్తరం మడతలో పెట్టి పంపుతున్నాము అని. ఈ మెయిల్‌కు పీడీఎఫ్ తగిలించినా ఇప్పటికీ మడతలో పెట్టినట్టే రాస్తున్నాము.

అంకెల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. అరబిక్ వైపు చాలా కంపెనీలు తూర్పు అరబ్బు అంకెలు వాడతాయి. వాటిలో సున్నా అంటే ఒక చుక్క. అయిదు అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. కువైట్ దీనార్‌కు వెయ్యి ఫిల్సులు, కనుక మొత్తం ఎప్పుడూ పాయింటు తరువాత మూడు స్థానాలతో రాస్తారు. మూడు వందల దీనార్లను 300.000 అని రాస్తారు. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాడు దాన్ని మూడు లక్షలనుకుని ఒక నిమిషం ఆనందపడడం మామూలే. ఇప్పుడు అదే మొత్తాన్ని అరబ్బు అంకెలతో టైప్ చేసి, మధ్యలో మామూలు ఇంగ్లీషు ఫుల్‌స్టాప్ పెట్టండి. చుక్క, చుక్క, ఫుల్‌స్టాప్, మళ్లీ మూడు చుక్కలు. పాయింటు ఏదో సున్నా ఏదో దేవుడికే ఎరుక. అందుకే అరబిక్‌లో దశాంశానికి కామాను పోలిన వేరే గుర్తు ఉంది. టెంప్లేట్‌లో అది తప్పకుండా రావాలి, లేదా రెండు వైపులా ఇంగ్లీషు అంకెలే వాడాలి. నేను రెండోదే ఎంచుకున్నాను, మా బ్యాంకు ఉత్తరాల్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అంకెల తరువాత మొత్తం అక్షరాల్లో రాయాలి. ముందు ‘ఫఖత్’, చివర ‘లా ఘైర్’, అంటే ఇంతే, వేరేది లేదు అని. మన చెక్కుల మీద ‘మాత్రమే’ అని రాసినట్టు. ఆ మధ్యలో వచ్చే సంఖ్యను ప్రోగ్రాంతో రాయించబోయి నేను రెండు నెలలు ఓడిపోయాను. మూడు వందలైతే ‘థలాథు మియతి దీనార్’, ఏకవచనం. మూడు వందల మూడైతే ‘థలాథతు దనానీర్’ అని బహువచనం వస్తుంది. మూడు వందల పదిహేనైతే ‘ఖమ్సత అషర దీనారన్’ అని మళ్లీ ఏకవచనం, పైగా చివర వేరే విభక్తి. రెండు దీనార్లకు రెండు అన్న మాటే అక్కర్లేదు, ద్వివచనం ఉంది. మూడు నుంచి పది దాకా లెక్కించే వస్తువు పుంలింగమైతే సంఖ్యకు స్త్రీలింగ రూపం, వస్తువు స్త్రీలింగమైతే సంఖ్యకు పుంలింగ రూపం పెట్టాలి. మనకూ ముగ్గురు మనుషులు, మూడు కుర్చీలు అన్న తేడా ఉంది గాని, ఇలా ఎదురు నడక లేదు. ఇరవై అయిదును వీళ్లు అయిదూ ఇరవై అంటారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఎక్సెల్ ఫార్ములాలు ఇంగ్లీషు పద్ధతిని పట్టుకుని మాటలు మాత్రం అరబిక్‌లో పెడతాయి. అర్థం తెలుస్తుంది, కాని చదివేవాడి పెదవి మీద ఒక చిన్న నవ్వు కూడా వస్తుంది.

చివరికి ఫార్ములా వదిలేసి పట్టిక రాసుకున్నాను. ఒకటి నుంచి తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా, ప్రతి సంఖ్యకూ దీనార్లతో సహా పూర్తి అరబిక్ పాఠం, ఒక్కొక్క వరుసలో. మా ఈజిప్టు అకౌంటెంట్ ఒక రంజాన్ నెల మధ్యాహ్నాల్లో ఆ వరుసలన్నీ చదివి దిద్ది పెట్టారు. కంప్యూటర్ తెలిసిన ప్రతివాణ్నీ ఆయన ‘యా బాష్ముహందిస్’ అని పిలుస్తారు, అంటే పెద్ద ఇంజినీరు గారూ అని. ఆ నెల మాత్రం పిలుపులో కొంచెం విసుగు వినిపించింది. ఇప్పుడు జీతం అంకె వేస్తే ఎదురుగా ఉన్న వరుస వచ్చి కూర్చుంటుంది. వెయ్యి దాటిన జీతాలు మా దగ్గర కొద్దిమందికే, వాటిని చేత్తో రాయించుకుంటాను.

అంకెలకు మరో చిక్కు దిశతో వచ్చింది. అరబిక్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అందులోని అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి. రెండింటినీ ఒకే వరుసలో ఎలా పేర్చాలో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లలో అన్ని లిపులకూ వాడే ప్రమాణంలో, ఒక నియమావళి ఉంది. దాని ప్రకారం అరబిక్ మాటల తరువాత వచ్చే అంకెల మధ్య ఏటవాలు గీత ఉంటే అవన్నీ కలిసి ఒకే సంఖ్యలా నిలుస్తాయి. అడ్డగీత ఉంటే విడిపోయి, కుడి నుంచి ఎడమకు వరుస మారతాయి. నేను ఒకతను ఉద్యోగంలో చేరిన తేదీని 05-03-24 అని టైప్ చేస్తే అరబిక్ గడిలో అది 24-03-05 అని కనబడింది. 2024 మార్చి 5న చేరినవాడు 2005 మార్చి 24న చేరినట్టయింది. సర్వీసు దాదాపు పంతొమ్మిదేళ్లు పెరిగింది కాబట్టి అతను ఏమీ అనలేదు, పట్టుకున్నది మా ఈజిప్టు ఆయనే. ఫోన్ నంబరు మధ్య అడ్డగీత పెడితే వెనుక సగం ముందుకు వస్తుంది, దేశం కోడ్ ముందున్న ప్లస్ గుర్తు అటు పక్కకు దూకుతుంది. దీనికి విరుగుడుగా కంటికి కనబడని ఒక గుర్తు ఉంది. తేదీకి ముందు దాన్ని పెడితే ఇక్కడి నుంచి ఎడమ నుంచి కుడికి అని ప్రోగ్రాంకు తెలుస్తుంది. నేను మాత్రం సులువైన దారి పట్టి, ఉత్తరాల్లో అడ్డగీతలే మానేసి అన్నిచోట్లా ఏటవాలు గీతలు, నాలుగంకెల సంవత్సరం పెడుతున్నాను. నెల పేరు అక్షరాల్లో రాయడమూ మానేశాను. ఇక్కడ జూన్‌ను ‘యూన్యూ’ అని, జులైని ‘యూల్యూ’ అని రాస్తారు, రెండింటికీ మధ్య తేడా ఒక్క అక్షరం. సిరియా, లెబనాన్ వాళ్లు టైప్ చేస్తే అవే ‘హజీరాన్’, ‘తమ్మూజ్’ అవుతాయి.

ఒక దశలో మా ఐటీ కుర్రాడు ఇదంతా వర్డ్‌లో ఎందుకు, ఫారం నింపితే నేరుగా పీడీఎఫ్ వచ్చేలా చేస్తానన్నాడు. చేశాడు కూడా. మొదటి పీడీఎఫ్‌లో అరబిక్ అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా విడివిడిగా, పైగా వెనుక నుంచి ముందుకు నిలబడ్డాయి. అరబిక్‌లో చాలా అక్షరాలకు మాటలో ఉన్న చోటును బట్టి మొదట ఒక రూపం, మధ్యలో ఒకటి, చివర ఒకటి, విడిగా ఒకటి ఉంటాయి. అక్షరాలను అతికించే పని తెలియని ప్రోగ్రాం విడి రూపాలను పేర్చుకుంటూ పోతుంది. అతనికి అర్థం కాలేదు గాని నాకు చూడగానే అర్థమైంది. మన తెలుగు పీడీఎఫ్‌లలో ఒత్తులు అక్షరం కిందికి వెళ్లకుండా పక్కన పొల్లుతో నిలబడిపోతాయే, అదే జబ్బు. హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ అతుకు పని చేస్తుంది. అరబిక్‌కూ తెలుగుకూ అదే వైద్యుడు. దాన్ని వాడుకునే పద్ధతికి మార్చాక అక్షరాలు చేతులు కలిపాయి.

కాగితం మీద అమరిక గురించి ఒక్క మాట. రెండు కాలమ్‌లుగా పోస్తే మూడో పేరా దగ్గరికి వచ్చేసరికి రెండు వైపులా ఎత్తు తప్పుతుంది. గీతలు కనబడని టేబుల్ వేసి, పేరాకు ఒక వరుస ఇస్తే ఏ మాటకు ఎదురుగా ఆ మాట ఉంటుంది. అరబిక్ అక్షరం అదే సైజులో చిన్నగా కనబడుతుంది కాబట్టి ఇంగ్లీషు 11 పెడితే అరబిక్‌కు 14 పెడతాను.

ఇప్పుడు చాట్‌బాట్‌ను అడిగితే రెండు భాషల్లోనూ ఉత్తరం క్షణాల్లో వస్తుంది. దాన్ని తక్కువ చేయను. కొత్త రకం ఉత్తరం రాయవలసి వచ్చినప్పుడు, ఉదాహరణకు పని ఆలస్యానికి కారణాలు చెబుతూ క్లయింటుకు రాసే లేఖకు, మొదటి ముసాయిదా దాని చేతనే రాయిస్తాను. లింగం, విభక్తి నా టెంప్లేట్ల కంటే బాగా పట్టుకుంటుంది. కాని పేర్లు, కార్డు నంబర్లు, జీతాలు దానికి ఇవ్వను. అవి మనుషుల సొంత వివరాలు కావడం ఒక కారణం. పేరును అది తనకు తోచినట్టు అరబిక్‌లో రాస్తుందన్నది రెండో కారణం, నా దృష్టిలో ఇదే ప్రమాదకరం.

మన పేర్లకు అరబిక్ లిపిలో చోటు చాలదు. ప లేదు, బ రాయాలి. చ లేదు, ష రాస్తారు లేదా త, ష కలుపుతారు. వ శబ్దానికి కొందరు ఫ, కొందరు వావ్ అనే అక్షరం పెడతారు. ట, డ, ళ, ణల సంగతి అడగనే వద్దు. హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు. పుల్లయ్య బుల్లయ్య అవుతాడు, చంద్ర షంద్ర అవుతుంది. అది తప్పు కాదు, ఆ లిపి హద్దు. తప్పు ఎక్కడంటే, సివిల్ ఐడీ అనే గుర్తింపు కార్డు మీద ఎవరో టైపిస్టు ఏ అక్షరాలు వేశాడో అవి కాక, మనం సరైనవనుకున్న అక్షరాలు వేయడంలో. బ్యాంకువాడు కార్డునూ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తాడు. అందుకే నా పట్టికలో ప్రతి ఉద్యోగికీ కార్డు చూసి ఎక్కించిన అరబిక్ పేరు ఒక గడిలో ఉంటుంది. టెంప్లేట్ దాన్నే తీసుకుంటుంది. మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు ఒకటి, రెండు వేరు టెంప్లేట్లు. షరతులు పెట్టి ఒకే టెంప్లేట్ చేయవచ్చని ఐటీ కుర్రాడు ఇప్పటికీ అంటాడు, నేను ఒప్పుకోలేదు. ముద్ర వేసే ముందు అకౌంటెంట్ గారు అరబిక్ వైపు పైకి చదువుతారు, నేను ఇంగ్లీషు వైపు వేలు పెట్టి వెంట నడుస్తాను.

మొన్న రాయచోటి దగ్గర్నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు జీతం సర్టిఫికెట్ల కోసం వచ్చారు. ఒకే తండ్రి బిడ్డలు, ఒకే ఇంటిపేరు. పెద్దవాడి కార్డు మీద ఆ ఇంటిపేరు వావ్‌తోనూ, రెండేళ్ల తరువాత వచ్చిన చిన్నవాడి కార్డు మీద ఫతోనూ మొదలవుతున్నాయి. ఎవరి కార్డులో ఉన్నట్టు వారికి టైప్ చేసి ఇచ్చాను. చిన్నవాడికి కాస్త అరబిక్ చదవడం వచ్చు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, “అన్నా, ఇది చూస్తే మేమిద్దరం ఒక ఇంటోళ్లమంటే ఎవురన్నా నమ్ముతారా?” అని అడిగాడు.

“నమ్మకపోతే ఎడమ పక్క చూపించు,” అన్నాను.